జావా స్త్రీల మైనపు వ్రాత

వస్త్రమునకు రంగు పట్టించుట ఎల్ల దేశములవారును ఎఱిగిన విద్య. రంగు పట్టకుండ నిలుపుట వేఱొక విద్య. తెల్లని గుడ్డమీద ఏయే చోట్ల రంగు అంటరాదో ఆ చోట్ల కరగిన మైనముతో వ్రాసి, గుడ్డను రంగుతొట్టిలో ముంచి, పిమ్మట మైనమును మరుగునీట కరగించి తీసినచో, వ్రాసిన మేర తెల్లగా మిగిలి చిత్రమై నిలుచును. చెప్పుటకు ఇంతే. చేయుటకు రెండు మూడు నెలలు పట్టును. సున్నితమైన పనియైనచో అంతకంటెను హెచ్చు. జావా ద్వీపమున దీనిని బాతిక్ అందురు. చేతితో వ్రాసినదానిని 'బాతిక్ తులిస్' అని ప్రత్యేకించి చెప్పుదురు. తులిస్ అనగా వ్రాయుట. మనవారు కలముతో చేయు పనిని కలంకారీ యనుట వంటిదే యిదియు.

మా పెద్దమ్మాయి కాపురము జావాలోని యోగ్యకర్త పట్టణమున. ఆమె కాన్పునకు సాయముగ పోయి నేను నాలుగు మాసము లచ్చట నుంటిని. పసివానిని ఎత్తుకొనుటకని పొరుగింటి పెద్దామె ఒక పాత బాతిక్కు గుడ్డ తెచ్చి యిచ్చినది. అచ్చటి తల్లులు బిడ్డను భుజమునుండి నడుమువఱకు వ్రేలాడు గుడ్డలో చుట్టి మోయుదురు. ఎన్నియో ఉతుకులు చూచి పట్టువలె మెత్తబడిన యా గుడ్డను తాకినప్పుడే దాని పుట్టుక తెలిసికొనవలెనను కోరిక నాకు కలిగినది. మా వీథిలో మూడవ యింట నలుగురు స్త్రీలు మైనము వ్రాసెడివారు. బిడ్డ నిద్రించు మధ్యాహ్నములందు వారియొద్ద పీట వేసికొని కూర్చుండుట నాకు నిత్యకృత్య మైనది. వారి భాష నాకు రాదు, నా భాష వారికి రాదు. ఐనను కుంపటిచుట్టు చేరిన ఆడువారికి భాష అంతగా అడ్డు రాదు గదా.

మనలో పలువురకు బాతిక్ అనగా బజారున దొఱకు ఒక తీరు అచ్చుగుడ్డ యని మాత్రమే తెలియును. కావున పని సాగు విధము కొంచెము వివరముగ చెప్పెదను. చదువరులు ఓపిక పట్టవలెను. ఆ స్త్రీల ఓపికలో నూఱవపాలు చాలును.

గుడ్డ సుమారు రెండున్నర మీటర్ల పొడవుండును. దానిని మొదట ఉతికి మిల్లుగంజి విడిపింతురు. పూర్వము వేరుసెనగనూనెలోను వరిగడ్డి బూడిదనీటిలోను పలుమారులు పిసికి ఆఱవైచెడివారు. నూనె త్రాగిన నూలు రంగును చక్కగ పట్టును. తరువాత పలుచని గంజి పెట్టి, మడిచి, కొయ్యసుత్తెతో కొట్టి నునుపు చేయుదురు. అప్పుడది వెదురు చట్రముమీద దండెమున వైచినట్లు వ్రేలాడవేయబడును. వ్రాయునామె చిన్న పీటమీద దానియెదుట కూర్చుండును. ప్రక్కన కుంపటి, కుంపటిమీద మూకుడు, మూకుటిలో మైనము. అది వట్టి మైనము కాదు. తేనెపట్టు మైనము, కొవ్వొత్తులకు వాడు పారఫిన్ మైనము, గుగ్గిలము వంటి చెట్ల బంకలు, ఇవి యన్నియు పాళముగ కలిసినది. తేనెమైనము హెచ్చినచో గీత మెత్తగ నిలుచును. పారఫిన్ హెచ్చినచో పెళుసై పగులును. బంక గుడ్డను గట్టిగ పట్టుకొనును. ఏది యెంత కలుపవలెనో ప్రతి యింటివారికి ఒక లెక్క. మన యిండ్లలో ఆవకాయ పాళమువలె నది యొకరిది యొకరికి నచ్చదు.

ఇక పనిముట్టు. దానిని చాంటింగ్ అందురు. బొటనవ్రేలి గోరంత రాగిగిన్నె, దానికి ముందు చిలుకముక్కువలె వంగిన సన్నని గొట్టము, వెనుక వెదురు పిడి. ఈ గిన్నెతో మైనమును ముంచి, గొట్టపు కొన గుడ్డకు ఆనియు ఆననట్లు నడపవలెను. మైనము మిక్కిలి వేడియైనచో ప్రాకి అలికినట్లగును. చల్లారినచో పైపైన నిలిచి గుడ్డలోనికి దిగదు, రంగు దాని క్రిందుగ దూరును. గొట్టము పూడుకొన్నచో పెదవులయొద్దకు తెచ్చి మెల్లగ ఊదుదురు. ఆ ఊదుట, మఱల ముంచుట, ఎడమచేతిని గుడ్డక్రింద ఆధారముగ నుంచి గీత లాగుట, ఇదంతయు మాటలాడుచు నవ్వుచునే చేయుదురు. గీత మాత్రము వణకదు. అలవాటైన నమూనాలకు కొందఱు పెన్సిలు గుఱుతులైన పెట్టుకొనరు.

మొదట చిత్రపు హద్దుగీతలు. పిమ్మట ఆ హద్దుల లోపల చుక్కలు, చిన్న గీతలు, సుడులు నింపుదురు. ఒక్క రెక్క లోపల నెన్ని చుక్కలున్నవో లెక్కింపబూని నేను నూటయేబదివఱకు వచ్చి మానివైచితిని. ముగ్గు వేయు చేతులు గల మనకు చుక్కలు కొత్తవి కావు. ఐతే ముగ్గు తప్పినచో చెఱిపి వేయవచ్చును. ఇచ్చట వేడిమైనపు బొట్టొకటి జాఱినచో దానిని వదల్చుట మహా శ్రమ. ముందువైపు ముగిసిన పిమ్మట గుడ్డను త్రిప్పి, వెనుకవైపున అవే గీతలమీద, అవే చుక్కలమీద మఱల మైనము పెట్టుదురు. మంచి బాతిక్కునకు తిరుగవేసిన వైపు ఉండదు. బజారులో అచ్చుగుడ్డను గుర్తించుటకు ఇదే సుళువైన ఉపాయము: వెనుక వెలవెలబోయినచో అది చేతివ్రాత కాదు.

రంగు విషయము. మధ్యజావా పాతపద్ధతిలో మొదటి రంగు నీలి. నీలిమందును సున్నముతోను, మన తాటిబెల్లము వంటి చెట్టుబెల్లముతోను పులియబెట్టిన తొట్టిలో గుడ్డను ముంచి తీసినప్పుడు పసరు పచ్చగ నుండును. గాలి సోకినకొలది కన్నులయెదుటనే నీలమగును. కావలసిన ఛాయ వచ్చువఱకు ముంచుట, ఆఱవేయుట దినములతరబడి సాగును. ఆపైన గోధుమరంగు కావలసిన చోట్ల మైనమును గీకి తీసి, నీలముగనే ఉండవలసిన చోట్ల కొత్తగ మైనము పెట్టి, 'సోగ' అను రెండవ రంగులో ముంచుదురు. సోగ చెట్ల బెరళ్లనుండియు చేవనుండియు తీయబడును. అందొకటి మన వీథులలో నీడకై పెంచు పసుపుపచ్చపూల పెద్ద చెట్టే. నీలిమీద సోగ పడినచోటు ఇంచుమించు నల్లనగును. కడపట మరుగునీటి కాగులో గుడ్డను ముంచి లేపుచుండగా మైనము కరగి తేలును. ఆ తేలినదానిని గరిటెతో తీసి దాచుకొని మఱల వాడుదురు, వ్యర్థమన్నది లేదు. ఇప్పుడు చాలచోట్ల రసాయనపు రంగులే వాడుచున్నారు. వానితో పని త్వరగ తెమలును, వన్నెలును హెచ్చు. నాకు మాత్రము ఆ నీలి గోధుమల పాత జోడియే కన్నులకు చల్లగ తోచినది.

నమూనాలకు అచ్చట అర్థములున్నవి, ఆచారములున్నవి. ఐమూలగ సాగు అలలవంటి చాఱలు గలది పరంగ్. నాలుగేసి కోలగింజలు పూవువలె కూడినది కవుంగ్. అది చెట్టుకాయను అడ్డముగ కోసిన తీరట. మన తాటికాయను కోసి ముంజెలు చూచినట్లే నాకు కనబడినది. గరుడుని రెక్కలు గలదానిని గుర్ద యందురు. ఇట్టి కొన్ని నమూనాలను పదునెనిమిదవ శతాబ్దమునుండి యోగ్యకర్త, సురకర్త రాజులు తమ వంశమువారికి మాత్రమే యని నిషేధించిరి. యోగ్యకర్త సుల్తాను 1927లో కూడ ఎవరెవ రేయే నమూనాలు ధరింపవచ్చునో ఆజ్ఞాపత్రము వెలువరించెను. ఇప్పుడు బజారున ఎవరైనను పరంగ్ కొనవచ్చును. కోటలోనికి పోవువారు మాత్రము జాగ్రత్త వహింతురు.

పెండ్లికూతురును పెండ్లికుమారుడును సిదోముక్తి ధరింతురు. ముక్తి యన్నంత మాత్రమున పెండ్లినాడే వైరాగ్య మేమియని మన మనుకొనరాదు. ఆ భాషలో దానికి సిరితో, గౌరవముతో సుఖించుట యని యర్థము. వధూవరుల తల్లిదండ్రులు ట్రుంటుమ్ కట్టుదురు; నల్లని నేలమీద చిన్న చిన్న నక్షత్రములు. సురకర్త రాజు మూడవ పాకు బువన రాణి భర్త అనాదరమున కుందుచు, చుక్కలను చూచుచు దీనిని వ్రాసెననియు, ఆ గుడ్డ దినదినము పెరుగుచుండుట చూడవచ్చిన రాజు మనస్సు తిరిగి ఆమెపై నిలిచెననియు కథ. భర్త మనస్సు మరలించుటకు ఆమెకు అన్నివేల చుక్కలు పట్టినవి! రోగిమీద కప్పుటకు అతుకులబొంతవంటి నమూనా యొకటి, మృతులమీద కప్పుటకు వేఱొకటి కలవు. పురిటిగుడ్డనుండి పాడెగుడ్డవఱకు బాతిక్ వారిని విడువదు. 2009 అక్టోబరు 2వ తేదీన యునెస్కో వారు ఈ కళను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. నాటినుండి ఆ దేశమున అక్టోబరు 2 బాతిక్ దినము.

మన తీరమునకు దీనితో సంబంధము లేకపోలేదు. డచ్చి వర్తక సంఘమువారు 1605లో మచిలీపట్టణమున కాలుమోపినది మన రంగు వస్త్రములకై; అవి యిచ్చినగాని ఆ తూర్పుదీవులలో మిరియాలు, లవంగాలు దొఱకెడివి కావు. మన అద్దకమువారును నీలి వేయునప్పుడు తక్కిన మేరను మైనముతో కప్పెడివారు. పదునేడవ శతాబ్దపు చివర మన గుడ్డల వెల హెచ్చుటచే జావావారు తమ బాతిక్కును వృద్ధి చేసికొనిరని కొందఱు చరిత్రకారుల మతము. అటుపిమ్మట చాలకాలమునకు, 1927లో రవీంద్రనాథ ఠాకూరు జావా చూచివచ్చిన తరువాత, శాంతినికేతనమున ఆడపిల్లలకు ఈ విద్య నేర్పిరి. నందలాల్ బోసు కుమార్తె గౌరీ భంజ అందు పేరెన్నికగన్నది.

చదువుకొన్న జావా స్త్రీలు కార్తీని పేరు తలచినప్పుడెల్ల బాతిక్కును తలతురు. ఆమె 1879లో జెపారా ప్రాంతపు దొరయింట పుట్టినది. పండ్రెండవయేట బడి మాన్పించి ఘోషాలో నుంచిరి. ఆ గోడలనడుమ ఆమె మైనపుపని నేర్చినది. 1898లో హేగు నగరమున స్త్రీల శ్రమను గూర్చి పెద్ద ప్రదర్శనము జరుగగా, బాతిక్కు పనిని వివరించు వ్రాతప్రతి యొకటి జెపారానుండి పంపినది. పిమ్మట డచ్చి పండితులు బాతిక్కుపై వ్రాసిన పెద్ద గ్రంథమునకు అది ఆధారములలో నొకటైనది. కార్తీని 1904లో, ఇరువదియైదేండ్ల వయసున, తొలికాన్పైన నాలుగవనాడు మరణించినది. ఆమె పుట్టినదినమైన ఏప్రిలు 21ని ఆ దేశమున నేటికిని ఉత్సవముగ జరుపుదురు.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ రాగిఅచ్చులు వచ్చినవి. అచ్చును మైనములో ముంచి గుడ్డమీద నొత్తుట మగవారి పనియైనది. ఒక మగవాడు దినమునకు 20 గుడ్డలవఱకు ఒత్తగలడు. అదియు మైనపుపనియే గనుక దానిని బాతిక్ కాదనలేము. ఈ కాలపు యంత్రపు అచ్చులో నన్ననో మైనమే లేదు. బొమ్మ మాత్రము అదే, వెల పదవవంతుకూడ కాదు. ఆడువారి చాంటింగ్ ఈ రెంటి నడుమను నేటివఱకు బ్రతికియున్నది.

ఐతే బ్రతికిన విధమును గూర్చియే నేను చెప్పదలచినది. బాతిక్కు గొప్పతనమెల్ల మైనపు గీతలో నున్నదని అందఱు నొప్పుకొందురు. ఆ గీత గీచినవారి పేరు మాత్రము ఎక్కడను వినబడదు. ఉత్తరతీరమున పెకలోంగాన్ పట్టణమున ఎలీజా వాన్ జూలెన్ (1863–1947) అను నామె కార్ఖానా పేరు పొందినది. పూలగుత్తులతో నిండిన ఆ గుడ్డలు నేడు మ్యూజియములలో నున్నవి. వాని మూలను ఆమె సంతకముండును. నెలలతరబడి మైనము పెట్టిన స్త్రీల సంతకము లేదు. ఆమెనొక్కదానిని తప్పుపట్టుటకు కాదు. ఆనాటి రీతియే యది.

యోగ్యకర్తకు దక్షిణముగ ఇమోగిరి యను కొండ కలదు. ఆ 'గిరి' మన గిరియే. కొండమీద మాతరాం రాజుల సమాధులు. క్రింద గిరిలోయో యను పల్లె. తరతరములుగ ఆ పల్లె స్త్రీలు మైనము వ్రాయువారు. పట్టణపు వర్తకులు తెల్లగుడ్డ యిత్తురు; వీరు దానిపై మైనమంతయు పెట్టి తెల్లగనే తిరిగి యిత్తురు; కూలి తీసికొందురు. రంగువేయుట, మైనము కరగించుట, అమ్ముట అన్నియు పట్టణముననే. బిడ్డకు మూడవమాసము వచ్చిన పిమ్మట అల్లుడును అమ్మాయియు నన్నచ్చటికి తీసికొనిపోయిరి. మేము చూడబోయిన పెద్దామెకు డెబ్బదికి పైబడిన వయసు. అచ్చట పెద్దస్త్రీని 'ఇబు' అని పిలుతురు; అమ్మా యన్నట్లు. అమ్మాయి ఇబు మాటలను నాకు తెలుగున చెప్పుచుండెను. ఎనిమిదవయేట తల్లి ప్రక్కన కూర్చుండి చాంటింగ్ పట్టినదట. నలువదేండ్లు దాటువఱకు తాను వ్రాసిన గుడ్డకు రంగు పడగా ఎట్లుండునో ఆమె యెన్నడును చూడలేదట. పెండ్లిలో ఎవరైన కట్టుకొని యెదురుపడినచో ఇది నా చేతిదేమో యనుకొనెడిదట. అడుగుట కెవ్వ రున్నారు?

వినుచుండగా నాకు మన పల్లెలలో నేతయింటి ఆడువారు గుర్తువచ్చిరి. ఆసులు పోసి, కండెలు చుట్టి, గంజి పట్టించి, సగము పని వారిదే. నేసినవాడని పేరు మగవానిదే.

2006 మే 27న తెల్లవాఱుజామున భూకంపము వచ్చినది. ఐదువేల యేడువందలకు పైగ జనులు మరణించిరి. బంతుల్ జిల్లా, అనగా ఈ పల్లెలున్న జిల్లా, ఎక్కువ దెబ్బతిన్నది. ఇబు ఇల్లు కూలినది. చట్రములు, కుంపట్లు పెంకులక్రింద పడినవి. సాయమునకు వచ్చిన సంఘములవారు పాకలు వేయించుటతో ఆగక, ఈ స్త్రీలకు రంగువేయుట నేర్పించిరి. స్త్రీలు జట్లుగ కూడి తామే గుడ్డ కొని, తామే రంగు వేసి, తామే అమ్మసాగిరి. తన గుడ్డ మొదటిసారి కాగులోనుండి పైకి లేచి, మైనము జాఱి, గోధుమరంగు నేలపై తెల్లని రెక్కలు బయటపడినప్పుడు ఇబు నోట మాట రాలేదట. ప్రక్కనున్నవారు నవ్విరట. అరువదియేండ్లకు చేరువలో నేర్చిన పని గదా.

ఆ మార్పు కూలిలోనే కాక మాటలోను తెలియుచున్నది. వెల చెప్పునప్పుడు ఆమె తల వంచదు. మా అమ్మాయి అలవాటు చొప్పున బేరమాడగా, కోపగింపక, గుడ్డను పఱచి, ఇది ఇన్ని దినములు, ఇది ఇన్ని దినములని వ్రేళ్లు మడిచి లెక్క చెప్పినది. ఆ వెలను ఆ దినములతో భాగింపగా, నా లెక్కకు, మన యూరిలో నాట్లు వేయు ఆడుదాని కూలికంటె హెచ్చు కనబడలేదు. అమ్మాయి చెవిలో ఆ మాట చెప్పితిని. అల్లుడు మఱుమాట లేకుండ పైకము తీసెను.

ఐనను కష్టము తీరిపోయినదని చెప్పలేను. చూచిపోవువారు పదిమందియైనచో కొనువారు ఒకరు. పట్టణపు అంగడిలో యంత్రపు గుడ్డలు గుట్టలుగ నున్నవి. ఇబు కోడలు మైనము వ్రాయును. మనుమరాలు మాత్రము పట్టణమున దుకాణములో నెలజీతమునకు కుదిరినది. ఆ పిల్లకు గీత చక్కగ వచ్చునట. సెలవునాడు కూర్చుండి ఒక మూల నింపి పోవునట. జీతమైనచో నెల మొదట వచ్చును, గుడ్డయైనచో అమ్ముడైననాడు వచ్చును అని ఇబు ఆ పిల్లను తప్పుపట్టలేదు. నేనును పట్టలేను.

కొన్న గుడ్డను మడిచి యిచ్చుచు, దానిని సబ్బుతో ఉతుకరాదని చెప్పి, ఎండిన కాయలు గుప్పెడు కాగితమున చుట్టి యిచ్చినది. లెరాక్ అని పేరు. చూతును గదా, మన కుంకుడుకాయకు చెల్లెలే! మా దేశమున వీనితో తలంటుకొందుమని అమ్మాయిచేత చెప్పించితిని. ఆమె నా జుట్టువంక చూచి, చేయి వేసి నిమిరి, ఏదో యన్నది. అమ్మాయి నవ్వినదే గాని తెలుగున చెప్పలేదు. పిండరాదు, నీడను ఆఱవేయవలెను అని మఱి రెండుమారులు చెప్పించినది.

లేచుచుండగా ఇబు మడత విప్పి అంచు మూలను చూపినది. చుక్కల వరుస క్రింద, చీమబారువలె సన్నని అక్షరములు, గోధుమరంగు నేలపై తెల్లగ. వెనుకవైపునను మైనము పెట్టినది గనుక అటు త్రిప్పినను తేటగనే యున్నవి, తిరుగబడి. అది యామె పేరు. మా అమ్మాయి బిగ్గరగ చదివినది.